ఇంజిన్ బ్లాక్ చెప్పే సాక్ష్యం: 1960ల నాటి షెవర్లే మజిల్ కార్ల ముద్రలను చదవడం

1970 మోడల్ షెవర్లే షెవెల్ మాలిబు కారు వీఐఎన్‌ను, అంటే వాహన గుర్తింపు సంఖ్యను, ఎంత శ్రద్ధగా చదివినా దాని బానెట్ కింద ఫ్యాక్టరీ ఏ ఇంజిన్ బిగించిందో తెలియదు. 136370 అన్న తొలి 6 అంకెలు అది షెవర్లే అని, వీ8 ఇంజిన్ ఉన్న మాలిబు అని, రెండు తలుపుల హార్డ్‌టాప్ అని, 1970 మోడల్ అని చెప్పి ఊరుకుంటాయి. ఆ తరువాతి అక్షరం కారు తయారైన ప్లాంటును, చివరి 6 అంకెలు వరుస సంఖ్యను సూచిస్తాయి. వరుస సంఖ్యలో పక్కపక్కనే ఉన్న రెండు కార్లలో ఒకదానిలో ఇంటి అవసరాలకు సరిపోయే 307 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ ఉండవచ్చు, రెండోదానిలో 450 అశ్వశక్తి గల 454 క్యూబిక్ అంగుళాల ఎల్‌ఎస్6 ఇంజిన్ ఉండవచ్చు. ఈ రోజు పాత కార్లు కొనేవారి దృష్టిలో ఈ రెండూ పోల్చదగిన వస్తువులే కావు. అంతకు ముందు, 1966 నుంచి 1968 వరకు, ఎస్‌ఎస్396 అన్న వేగవంతమైన రకం షెవెల్ కార్లకు 138 అన్న ప్రత్యేక శ్రేణి సంఖ్య ఉండేది. 1969 నుంచి ఎస్‌ఎస్ కేవలం ఒక ఆప్షన్‌గా మారడంతో ఆ కాస్త ఆధారమూ పోయింది.

ఫోర్డ్, క్రైస్లర్ కంపెనీలు ఈ విషయంలో కొనుగోలుదారుకు ఎంతో మేలు చేశాయి. వాటి వీఐఎన్‌లో అయిదో స్థానంలోని అక్షరమే ఇంజిన్ ఏదో చెబుతుంది. 1969 మస్టాంగ్ సంఖ్యలో ఆ చోట జెడ్ ఉంటే అది బాస్ 429. 1970 డాడ్జ్, ప్లిమత్ కార్లలో ఆర్ ఉంటే అది 426 హెమి. షెవర్లే అలాంటి అక్షరాన్ని 1972 మోడల్ నుంచే వీఐఎన్‌లో చేర్చింది. కాబట్టి మజిల్ కార్ల, అంటే మామూలు కారులో పెద్ద శక్తిమంతమైన ఇంజిన్ పెట్టి అమ్మిన కార్ల, యుగం ఉచ్ఛస్థితిలో ఉన్న 1960ల చివరి భాగంలో తయారైన షెవర్లే కార్ల విషయంలో, అసలు ఇంజిన్ ఏదన్న ప్రశ్నకు జవాబు ఇంజిన్ బ్లాక్ మీదే, అంటే సిలిండర్లు ఉండే పోత ఇనుప దిమ్మె మీదే, వెతుక్కోవాలి. కమారో, షెవెల్, కార్వెట్ కార్ల చుట్టూ బ్లాక్ ముద్రలను చదివే విద్య ఇంత లోతుగా పెరగడానికి అసలు కారణం ఈ మౌనమే.

దీనికి మరో కారణం కూడా ఉంది. భారతదేశంలో ఆర్‌సీ మీద ఛాసిస్ నంబరు పక్కనే ఇంజిన్ నంబరు కూడా నమోదై ఉంటుంది, బండి చేతులు మారేటప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసి ఇవ్వడం చాలామందికి తెలిసిన పనే. ఆ కాలపు అమెరికా కార్ల యాజమాన్య పత్రంలో కారుకు గుర్తుగా నిలిచింది వీఐఎన్ ఒక్కటే. ఇంజిన్ పాడైతే దాన్ని తీసేసి, పాత సామాను దుకాణంలో దొరికిన మరో ఇంజిన్‌ను బిగించుకుంటే ఎవరికీ చెప్పవలసిన పని ఉండేది కాదు. రేసులు ఆడిన కార్లలో ఇది తరచుగా జరిగింది, ఎందుకంటే వేగం కోసమే కొన్న కార్ల ఇంజిన్లే అందరికంటే ముందు పగిలిపోయాయి. యాభై ఏళ్ల తరువాత ‘నంబర్స్ మ్యాచింగ్’ అన్న మాటకు, అంటే కారుతో పుట్టిన ఇంజిన్ ఇంకా ఆ కారులోనే ఉందన్న మాటకు, ఇంత విలువ రావడం ఆ అరుదుతనం వల్లే.

బ్లాక్ మీద ఉండే గుర్తులు రెండు రకాలు. వాటిని కలగలిపి మాట్లాడటం వల్లే సగం గందరగోళం పుడుతోంది. మొదటి రకం పోతతో పాటే వచ్చేవి. కరిగిన ఇనుమును అచ్చులో పోసినప్పుడు, అచ్చులోనే ఉన్న అక్షరాలు బ్లాక్ మీద ఉబ్బెత్తుగా లేచి వస్తాయి. రెండో రకం, పోత అంతా పూర్తయి, మరమీద చదును చేసిన తరువాత, ఉక్కు అచ్చులతో కొట్టి లోపలికి దిగేలా పంచ్ చేసినవి. మొదటివి ఫౌండ్రీ, అంటే పోత కర్మాగారం, చెప్పిన మాటలు, రెండోవి ఇంజిన్ ప్లాంటు, కారు ప్లాంటు చెప్పిన మాటలు. ఒక్కొక్కటి ఒక్కో చోట, ఒక్కో రోజున, ఒక్కో మనిషి చేతిలో పుట్టింది. అందుకే వాటిని ఒకదానితో ఒకటి సరిచూసుకునే అవకాశం ఉంది.

షెవర్లే వీ8 ఇంజిన్లు చిన్న బ్లాక్, పెద్ద బ్లాక్ అని రెండు కుటుంబాలు. చిన్న బ్లాక్ షెవర్లే వీ8 ఇంజిన్‌లో, గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ బిగుసుకునే వెనుక అంచు మీద, అమెరికా కారులో డ్రైవరు వైపు, అంటే ఎడమ వైపు, 7 అంకెల పోత సంఖ్య ఉంటుంది. 1969 కమారో కారులో జెడ్/28 అన్న రేసు తరహా రకంలోని 302 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకుంటే అక్కడ 3932386, 3956618, 3970010 అన్న మూడు సంఖ్యలలో ఒకటి కనిపించాలి. చాలామంది ఈ సంఖ్యను చూడగానే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అది బ్లాక్ ఏ అచ్చు నుంచి వచ్చిందో చెబుతుందే తప్ప ఏ కారుకు వెళ్లిందో చెప్పదు. 3970010 సంఖ్య గల బ్లాకులు 1969లో మొదలై 1970ల చివరి దాకా పోత పోయబడ్డాయి. ఎక్కువ భాగం 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్లుగా మామూలు కార్లలోకి, పికప్ ట్రక్కులలోకి వెళ్లాయి. 302కైనా 350కైనా సిలిండరు బోరు 4 అంగుళాలే. తేడా అంతా లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌లో ఉంది: 302లో పిస్టన్ ప్రయాణం 3 అంగుళాలు, 350లో దాదాపు 3.48 అంగుళాలు. బయటి నుంచి చూస్తే ఆ తేడా కనబడదు. పెద్ద బ్లాకుల విషయమూ ఇంతే: 3963512 అన్న సంఖ్య ఎల్‌ఎస్6 మీద ఉంటుంది, దానికంటే తక్కువ శక్తి గల 454 ఇంజిన్ల మీదా ఉంటుంది.

పోత తేదీ అదే అంచు మీద రెండో వైపున ఉంటుంది. ఒక అక్షరం, తరువాత రోజు, తరువాత సంవత్సరం. అక్షరం నెలకు గుర్తు: ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, అలా వరుసగా ఎల్ అంటే డిసెంబరు. ‘సీ 3 9’ అని ఉంటే మార్చి 3న పోత పోశారని అర్థం. సంవత్సరం దగ్గర జాగ్రత్త అవసరం. ఫ్లింట్ ఇంజిన్ ప్లాంటుకు బ్లాకులు పంపిన సాగినా ఫౌండ్రీ సంవత్సరానికి ఒక్క అంకెనే వాడేది; మరో ఇంజిన్ ప్లాంటున్న టోనవాండాలో పోసిన బ్లాకుల మీద రెండంకెలు ఉంటాయి. ఆ ఒక్క అంకె 9 అంటే 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు. 3970010 సంఖ్య ఆ రెండు సంవత్సరాలలోనూ వాడుకలో ఉంది కనుక ఇది పుస్తకాలకే పరిమితమైన సందేహం కాదు. 1979లో ఏదో ట్రక్కుకు పోసిన బ్లాక్, సంఖ్య సరిపోయి, తేదీ సరిపోయి, 1969 జెడ్/28 అసలు బ్లాక్‌గా కనిపించే అవకాశం నిజంగానే ఉంది. అలాంటి చోట పోత గుర్తులు రెండూ కలిసి కూడా కొనేవాడిని కాపాడలేవు.

పోత గుర్తుల గురించి దశాబ్దాలుగా తిరుగుతున్న ఒక నమ్మకాన్ని ఇక్కడే పక్కన పెట్టడం మంచిది. కొన్ని చిన్న బ్లాకుల ముందు భాగంలో, టైమింగ్ కవర్ తీస్తే కనిపించే 010, 020 అన్న అంకెలను చూపించి, ఆ బ్లాకులో 10 శాతం తగరం, 20 శాతం నికెల్ కలిసి ఉన్నాయని, కనుక అది రేసులకు పనికొచ్చే గట్టి బ్లాక్ అని చెబుతుంటారు. పోత ఇనుములో తగరాన్ని కలిపేది ఒక శాతంలో పదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే. 10 శాతం కలిపితే ఆ ఇనుము పెళుసుబారి ఎందుకూ కొరగాదు. 20 శాతం నికెల్ కలిపిన ఇనుము మరో జాతి లోహం, అయస్కాంతానికి కూడా సరిగా అంటుకోదు, లక్షలాది కార్లకు దానితో బ్లాకులు పోస్తే ఏ కంపెనీ ఖర్చు భరించలేదు. ఒక చిన్న అయస్కాంతంతో తేలిపోయే విషయం ఇన్నేళ్లు బతకడం ఆశ్చర్యమే.

పంచ్ చేసిన గుర్తులకు వస్తే అసలు కథ మొదలవుతుంది. షెవర్లే వీ8 ముందు నిలబడి చూస్తే, కారు కుడి వైపు సిలిండర్ల వరుస మీది సిలిండర్ హెడ్‌కు, అంటే అమెరికా కారులో ప్యాసింజరు వైపు హెడ్‌కు, ముందు కొద్దిపాటి చదునైన జాగా బయటికి కనిపిస్తుంది. దీన్నే స్టాంప్ ప్యాడ్ అంటారు. హెడ్ గ్యాస్కెట్ కూర్చునే ఉపరితలమే ముందుకు సాగి ఈ ప్యాడ్ అయింది, వేరే భాగం కాదు. ఈ ఒక్క విషయం మున్ముందు చాలా సంగతులను నిర్ణయిస్తుంది.

ఈ ప్యాడ్ మీద మొదటి ముద్ర ఇంజిన్ ప్లాంటులో పడింది. 1969 జెడ్/28 మీద ఉదాహరణకు ‘వీ 0314 డీజెడ్’ అని ఉండవచ్చు. వీ అంటే మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ ప్లాంటు. టీ అని ఉంటే న్యూయార్క్ రాష్ట్రంలో బఫలో నగరం పక్కనున్న టోనవాండా ప్లాంటు, పెద్ద బ్లాకులన్నీ అక్కడివే. 0314 అంటే ఇంజిన్‌ను కూర్చిన మార్చి 14వ తేదీ. చివరి రెండక్షరాలు ఇంజిన్ రకాన్ని, అది ఏ కారుకు, ఏ గేర్‌బాక్స్‌కు ఉద్దేశించిందో చెబుతాయి. డీజెడ్ అంటే 290 అశ్వశక్తిగా ప్రకటించిన 302 ఇంజిన్, నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్‌తో, 1969 జెడ్/28 కోసం. 1970 నుంచి ఈ అక్షరాలు మూడయ్యాయి; ఎల్‌ఎస్6 షెవెల్‌లో మాన్యువల్ గేర్‌బాక్స్ ఉంటే సీఆర్‌వీ, ఆటోమేటిక్ ఉంటే సీఆర్‌ఆర్.

ఈ అక్షరాలను జాబితాలో వెతికి చదివేవారు మరచిపోయే విషయం ఒకటుంది: కంపెనీ వాటిని ఏటా తిరగవేసి వాడుకునేది. 1967, 1968 సంవత్సరాలలో ఎంఓ అంటే జెడ్/28లోని 302 ఇంజిన్. 1969లో అదే ఎంఓ అంటే, డీలర్ల ప్రత్యేక ఆర్డర్ మీద కమారోలో బిగించిన 427 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అదీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో. ఒకే రెండక్షరాలు, ఒకే కారు పేరు, మధ్య ఒక్క ఏడాది తేడా, అర్థం మాత్రం చిన్న బ్లాక్ నుంచి పెద్ద బ్లాక్‌కు మారిపోయింది. అందువల్ల ఏ సంవత్సరమో తేలకుండా ఈ అక్షరాలకు అర్థం చెప్పకూడదు.

ఆ సంవత్సరం ప్యాడ్ మీద ఉంటుందా అంటే ఉండదు. ఇంజిన్ ముద్రలో నెల, రోజు మాత్రమే ఉన్నాయి. మామూలు మోడల్ సంవత్సరంలో దీనివల్ల ఇబ్బంది రాదు, ఎందుకంటే ఒక మోడల్ ఒక శరత్తులో మొదలై మరుసటి వేసవిలో ముగుస్తుంది, ఒక నెల ఒక్కసారే వస్తుంది. 1969 కమారో అలా ముగియలేదు. తరువాతి తరం కమారో సిద్ధం కావడం ఆలస్యమై 1970 ఫిబ్రవరిలో గానీ బజారుకు రాలేదు. అందాకా పాత కమారోనే 1969 మోడల్‌గా 1969 నవంబరు దాకా ఒహాయోలోని నార్వుడ్ ప్లాంటు తయారుచేస్తూ పోయింది. ఫలితంగా ఈ మోడల్‌కు అక్టోబరు నెలలు రెండు వచ్చాయి. ‘వీ 1015 డీజెడ్’ అన్న ముద్ర 1968 అక్టోబరు 15ది కావచ్చు, 1969 అక్టోబరు 15ది కూడా కావచ్చు. ముద్ర తనంతట తాను ఏమీ తేల్చదు. అప్పుడు వెనుక అంచు మీది పోత తేదీ దగ్గరకు పోవాలి. అక్కడ చివరి అంకె 8 అయితే మొదటి అక్టోబరు, 9 అయితే రెండోది. కాసేపటి క్రితం 1969కీ 1979కీ తేడా చెప్పలేకపోయిన ఆ ఒక్క అంకే ఇక్కడ చిక్కుముడి విప్పుతుంది.

ప్యాడ్ మీది రెండో ముద్ర ఇంజిన్ ప్లాంటుది కాదు. ఇంజిన్ కారు ప్లాంటుకు చేరి, ఏ కారుకు వెళ్లాలో ఖాయమైన తరువాత, ఆ కారు వీఐఎన్‌లోని కొన్ని భాగాలను కుదించి అక్కడ పంచ్ చేశారు. నార్వుడ్‌లో తయారైన 1969 కమారో అయితే 19ఎన్ అని మొదలై, ఆపైన కారు వరుస సంఖ్యలోని 6 అంకెలు వస్తాయి. 1 అంటే జనరల్ మోటార్స్‌లో షెవర్లే విభాగం, 9 అంటే 1969, ఎన్ అంటే నార్వుడ్. కాలిఫోర్నియాలోని వాన్ నైస్ ప్లాంటుదైతే ఎల్ ఉంటుంది. ఈ ముద్ర కొన్నిసార్లు ప్యాడ్ మీద కాక, కిందికి ఆయిల్ ఫిల్టర్ పైనున్న చదును మీద పడుతుంది. అక్కడ జిడ్డు, పెయింటు పేరుకుని ఉంటాయి కనుక, ప్యాడ్ మీద కనిపించలేదన్న తొందరలో ఇంజిన్‌ను కొట్టిపారేసిన సందర్భాలు ఉంటాయి. దొంగతనాలను అరికట్టే ఉద్దేశంతో మొదలైన ఈ ముద్ర కార్వెట్ల మీద 1960ల మొదట్లోనే ఉన్నా, మామూలు షెవర్లే కార్లన్నిటి మీదా 1968 మోడల్ నుంచే క్రమంగా కనిపిస్తుంది. 1966 షెవెల్ బ్లాక్ మీద అది లేకపోవడం లోపం కాదు. అక్కడ కొత్తగా మెరుస్తూ ఉంటేనే అనుమానించాలి.

కారుకూ ఇంజిన్‌కూ ఉన్న బంధాన్ని నేరుగా చెప్పే గుర్తు బ్లాక్ మొత్తం మీద ఈ రెండో ముద్ర ఒక్కటే. మిగిలినవన్నీ ‘ఇలాంటి కారుకు ఇలాంటి ఇంజిన్’ అనే చెబుతాయి, ఇది ‘ఈ కారుకు ఈ ఇంజిన్’ అంటుంది.

ఇప్పుడు అన్నిటినీ ఒక వరుసలో పెట్టి చూడవచ్చు. మార్చి 3న సాగినాలో పోత, మార్చి 14న ఫ్లింట్‌లో ఇంజిన్ కూర్పు, ఆ పైన నార్వుడ్‌కు ప్రయాణం. కమారో ఇంజిన్ గదికి వెనుక గోడ మీద రివెట్లతో బిగించిన బాడీ ప్లేటు మీద ‘03డీ’ అని ఉంటే బాడీ మార్చి నాలుగో వారంలో తయారైందని అర్థం. పోత, కూర్పు, కారు: ఈ క్రమం ఎన్నటికీ తిరగబడదు. పోత తేదీ మార్చి 20 అయి, ఇంజిన్ ముద్ర మార్చి 14 అయితే, అప్పటికింకా పోయని బ్లాక్‌తో ఇంజిన్ కూర్చారని నమ్మాలి. క్రమం సరైనదే అయినా మధ్య దూరాన్ని కూడా తూచాలి. పోతకూ కూర్పుకూ మధ్య కొద్ది రోజుల నుంచి కొద్ది వారాలు సహజం. అరుదైన ఇంజిన్ల విషయంలో నెల, రెండు నెలలు కూడా కనిపిస్తాయి, ఎందుకంటే అవి రోజూ అమ్ముడయ్యేవి కావు. ఆరు నెలల దూరం కనిపిస్తే దానికి వేరే వివరణ కావాలి. గేర్‌బాక్స్ కూడా ఈ వరుసలో నిలుస్తుంది. మన్సీ రకం నాలుగు గేర్ల పెట్టె మీద దాని సొంత తేదీ సంకేతంతో పాటు అదే వీఐఎన్ భాగం ఉంటుంది. ఇంజిన్ మీదిదీ గేర్‌బాక్స్ మీదిదీ ఒకే అక్షర రూపంలో, ఒకే చేతివాటంతో కనిపిస్తే, ఆ సాక్ష్యం బలం రెండింతలు కాదు, అంతకంటే ఎక్కువే, ఎందుకంటే మోసగాడు సాధారణంగా ఒకదానితోనే ఆగుతాడు.

ఇంతవరకు చెప్పినదంతా ముద్రలు నిజమైనవన్న నమ్మకం మీద ఆధారపడింది. ఆ నమ్మకాన్ని నిలబెట్టడమే ఈ విద్యలోని కష్టమైన భాగం. ఉబ్బెత్తుగా ఉన్న పోత సంఖ్యను మార్చడం కష్టం: ఇనుము మీద ఇనుము పెంచి, ఇసుక అచ్చులో పుట్టిన గరుకుదనం తెప్పించి, చుట్టూ ఉన్న ఉపరితలంలో కలిపేయాలి. కానీ ఆ పోత సంఖ్య చెప్పేది చాలా తక్కువ. పంచ్ చేసిన ముద్ర అన్నీ చెబుతుంది, దాన్ని కల్పించడానికి మాత్రం ఒక ఉక్కు అచ్చుల పెట్టె, సుత్తి, ఒక మధ్యాహ్నం చాలు. నకిలీ చేయడానికి అనువైన గుర్తు మీదే మొత్తం విలువ నిలబడింది. కాబట్టి అనుభవం ఉన్న పరీక్షకుడు ప్యాడ్‌ను చూసేటప్పుడు అక్షరాలను చివర చదువుతాడు, ముందు అక్షరాల కింద ఉన్న లోహాన్ని చదువుతాడు.

ఫ్యాక్టరీలో బ్లాకు పై ఉపరితలాన్ని బ్రోచింగ్ యంత్రంతో చదును చేసేవారు. వరుసగా పళ్లు అమర్చిన పొడవాటి పనిముట్టు బ్లాకు మీదుగా ముందు నుంచి వెనక్కి నేరుగా ఒక్కసారి సాగిపోతుంది. అది వదిలిన సన్నని సమాంతర గీతలు ప్యాడ్ మీద కూడా అదే దిశలో, సరళంగా, ఎడతెగకుండా ఉంటాయి. తరువాత పంచ్ చేసినప్పుడు అక్షరం అంచుల దగ్గర ఆ గీతలు నలిగి, అక్షరం అడుగున మాయమవుతాయి. ఎవరైనా తరువాతి కాలంలో బ్లాక్‌ను వర్క్‌షాప్‌లో ఫేసింగ్ చేయిస్తే, అంటే పై ఉపరితలాన్ని మళ్లీ కోసి చదును చేయిస్తే, తిరిగే కట్టర్ వంపు తిరిగిన గీతలను వదులుతుంది, రాతి చక్రం ఇంకో రకమైన సుడిగీతలను వదులుతుంది. అసలు గీతలను పోలిన గీతలను గరుకు పట్టీతో గీసి తెప్పించే నేర్పరులు ఉన్నారు. అయితే వారి గీతలు తరచుగా కాస్త వంకరగా, మరీ లోతుగా, ప్యాడ్ అంచు దాటి హెడ్ కిందికి కొనసాగకుండా ఉంటాయి. హెడ్ విప్పి చూస్తే గ్యాస్కెట్ కింది ఉపరితలం మీద గీతలు ఒకలాగ, ప్యాడ్ మీద ఒకలాగ ఉంటే ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

అక్షరాల విషయానికి వస్తే, ఇంజిన్ ప్లాంటులో అచ్చులన్నిటినీ ఒక పట్టీలో బిగించి ఒక్క దెబ్బతో కొట్టేవారు. కనుక అవి ఒకే సరళరేఖ మీద, సమాన దూరంలో ఉంటాయి. ఆ పట్టీ కాస్త వాలితే ఒక చివర లోతుగా, మరో చివర పలచగా పడుతుంది. ఒక్కో అక్షరాన్ని విడివిడిగా సుత్తితో కొట్టిన ముద్రలో ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి పక్కకు వాలుతుంది. ఈ లక్షణాన్ని మాత్రం గుడ్డిగా వర్తింపజేయకూడదు. వీఐఎన్ ముద్రను కారు ప్లాంటులో వేరే పనిముట్టుతో, వేరే ఒత్తిడితో వేశారు, అది సహజంగానే తక్కువ పొందికగా ఉంటుంది. పై ముద్ర చక్కగానూ కింది ముద్ర కాస్త వంకరగానూ ఉండటం అసలు ఇంజిన్ల మీద సర్వసాధారణం. రెండూ ఒకే అచ్చుల పెట్టెతో కొట్టినట్టు ఒకే రూపంలో ఉంటేనే కలవరపడాలి, ఎందుకంటే ఆ రెండు ముద్రలూ వేర్వేరు రాష్ట్రాలలో వేర్వేరు రోజుల్లో పడినవి. 3, 6, 9 అంకెల తోకల వంపులు, 1కి పాదం ఉందా లేదా, ఎన్ అక్షరం వెడల్పు, ఇలాంటి వివరాలను ఆయా ప్లాంటు, ఆయా నెల నాటి నిస్సందేహమైన ముద్రల ఫొటోలతో పోల్చి చూడటమే నమ్మదగిన పద్ధతి. శాసన పరిశోధకులు లిపి వంపులను బట్టి శాసన కాలాన్ని నిర్ణయించే తీరుకు ఇది దగ్గరగా ఉంటుంది.

చెరిపేసిన ముద్రను తిరిగి పైకి తేవచ్చా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. ఉక్కు అచ్చు దెబ్బకు అక్షరం అడుగున లోహం నలిగి, పైపొర తీసేసినా ఆ నలిగిన ఆకారం కొంత లోతు వరకు మిగులుతుంది. నేర పరిశోధనా ప్రయోగశాలలు రసాయనాలు పూసి ఆ ఆకారాన్ని పైకి తెస్తాయి. ఉక్కు మీద ఫలించినంతగా ఇది పోత ఇనుము మీద ఫలించదు, కనుక దీని మీద ఆశ పెట్టుకుని కారు కొనడం వివేకం కాదు.

అసలు ముద్ర లేని ప్రతి బ్లాక్ వెనుకా మోసం ఉందని అనుకోవడం అన్యాయం. హెడ్ గ్యాస్కెట్ కారుతున్న ఇంజిన్‌కు 1970లలో ఏ మెకానిక్ అయినా బ్లాక్ ఫేసింగ్ చేయించేవాడు. ప్యాడ్ కూడా అదే ఉపరితలంలో భాగం కనుక ముద్ర దానితోపాటే తుడిచిపెట్టుకుపోయేది. అది మంచి పనితనమే, ఆనాటికి ఆ అక్షరాల విలువ ఎవరికీ తెలియదు. అలాగే ప్యాడ్ మీద ‘సీఈ’ అన్న అక్షరాలతో మొదలయ్యే ముద్ర కనిపిస్తే, అది కంపెనీ వారంటీ కింద డీలరు దగ్గర మార్చి ఇచ్చిన బ్లాక్. కారుతో పుట్టకపోయినా ఆ కారు చరిత్రలో అది నిజమైన భాగమే. రేసుల్లో ఇంజిన్ పగలగొట్టుకుని, వారంటీ కింద కొత్తది తెచ్చుకున్న తొలి యజమాని కథను ఆ రెండక్షరాలు నిజాయితీగా చెబుతాయి. వాటిని చెరిపి అసలు ముద్రను ‘పునరుద్ధరించడం’ చరిత్రను బాగుచేయడం కాదు, పాడుచేయడం.

తిరిగి ముద్ర వేయడాన్ని సమర్థించేవారి వాదన వినదగినదే. అసలు బ్లాక్ ఎప్పుడో పోయింది, అదే నెలలో పోసిన సరైన బ్లాక్ దొరికింది, కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా కనిపించాలంటే ముద్ర కూడా ఉండాలి కదా, కొనేవాడికి చెప్పే అమ్ముతాం కదా అంటారు. ఆ మాట మొదటి అమ్మకంలో నోటితో చెబుతారు, రెండో అమ్మకంలో తలుచుకుంటారు, మూడో అమ్మకానికి అది మరుగున పడుతుంది. ముద్ర మాత్రం ఇనుము మీద నిలిచి ఉంటుంది. పైగా వాహన గుర్తింపు సంఖ్యలను తెలిసి మార్చడం, చెరపడం అమెరికాలో 1984 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం. సరైన బ్లాక్‌ను ఖాళీ ప్యాడ్‌తోనే ఉంచి, దాని కథను కాగితం మీద రాసి కారుతో ఇవ్వడంలో కారు గౌరవం ఏమీ తగ్గదు.

ఇనుము తేల్చలేని చోట కాగితం అవసరమవుతుంది. 1967 తరువాతి ఫోర్డ్ కార్లకు కంపెనీ తయారీ రికార్డుల ఆధారంగా మార్టి రిపోర్టు దొరుకుతుంది; పాంటియాక్ కార్లకు కూడా కంపెనీ రికార్డుల నకళ్లు దొరుకుతాయి. అమెరికాలో అమ్మిన షెవర్లే కార్లకు ఇంజిన్ వివరం చెప్పే అలాంటి నిధి లేదు. కెనడాలో అమ్మినవాటికి మాత్రం జనరల్ మోటార్స్ కెనడా రికార్డులు నిలిచి ఉన్నాయి, కాబట్టి అక్కడి నుంచి వచ్చిన కారు అదృష్టవంతురాలు. మిగిలిన షెవర్లేల విషయంలో, పెట్రోలు ట్యాంకు పైన, సీటు స్ప్రింగుల మధ్య ఇరుక్కుని మిగిలిన బిల్డ్ షీట్ (కారులో బిగించవలసిన భాగాల ఫ్యాక్టరీ జాబితా) కాగితమో, 1965 నుంచి 1972 వరకు వారంటీ పుస్తకంతో ఇచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అన్న చిన్న లోహపు పలకో దొరకాలి. ఆ పలక మీద ఇంజిన్ సంకేతం కూడా ఉంటుంది. అది ప్యాడ్‌తో సరిపోతే సందేహాలు దాదాపు తీరిపోతాయి. ఆ పలకలకూ నకిలీలు తయారవుతున్నాయి కనుక ‘దాదాపు’ అన్న మాట తప్పదు.

ఫోర్డ్ బ్లాకుల మీద చదవడం కొంత సులువు. సీ9ఏఈ-6015-ఏ అన్న పోత సంఖ్యలో సీ అంటే 1960 దశకం, 9 అంటే అందులో తొమ్మిదో సంవత్సరం, 6015 అంటే బ్లాక్. బాస్ 429 బ్లాకుదే ఈ సంఖ్య, దాని ముందు భాగంలో హెచ్‌పీ429 అని కూడా పోతలోనే ఉంటుంది. తేదీలో సంవత్సరం ముందు, నెల అక్షరం తరువాత వస్తాయి. అయితే ఫోర్డ్ ఐ అక్షరాన్ని వదిలేసింది కనుక డిసెంబరుకు ఎల్ కాక ఎం వస్తుంది. షెవర్లేకు అలవాటుపడిన కన్ను ఫోర్డ్ తేదీలో సెప్టెంబరు నుంచి ఆపైన ఒక నెల తప్పు చదివేది ఇక్కడే. క్రైస్లర్ తన 440 ఇంజిన్ల మీద సంవత్సరానికి ఒక అక్షరాన్ని, శక్తిమంతమైన రకాలకు హెచ్‌పీ అన్న ముద్రను వాడింది. 1970కి ఎఫ్, 1971కి జీ.

ఇప్పటికీ అసలు ముద్రతో మిగిలిన బ్లాకులకు మోసగాళ్లకంటే ఎక్కువ ప్రమాదం మంచి ఉద్దేశంతో శుభ్రం చేసేవారి వల్లే వస్తోంది. ప్యాడ్ మీది తుప్పు, పెయింటును వైరు చక్రంతోనో ఎమరీ కాగితంతోనో రుద్దితే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి, బ్రోచింగ్ గీతలు మాత్రం పోతాయి. ఆ తరువాత ఆ ముద్ర నిజమైనదేనని ఎవరూ రుజువు చేయలేరు. పెయింటును కరిగించే ద్రావకం, మెత్తటి నైలాన్ బ్రష్, ఓపిక చాలు. శుభ్రం చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి, వెలుతురు ఏటవాలుగా పడేటట్టు ఫొటోలు తీసి, పలుచటి కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ కూడా తీసుకోవాలి. బ్లాక్‌ను ఫేసింగ్‌కు పంపవలసి వస్తే, ప్యాడ్‌ను కట్టర్ తాకకుండా హెడ్ కూర్చునే భాగం వరకే కోయమని వర్క్‌షాప్‌కు కాగితం మీద రాసి ఇచ్చి, ఆ మాటనే ప్యాడ్ పక్కన బ్లాక్ మీద కూడా పెయింటుతో రాయాలి, ఎందుకంటే ఆ కాగితం చదివినవాడే యంత్రం దగ్గర నిలబడతాడన్న హామీ లేదు.